థార్న్‌బెరీ కంపెనీ చివరి అధ్యాయం

హార్మన్ ఫాల్స్, ఒహాయో
1957 నవంబరు 17, ఆదివారం

చిరంజీవి టిబోర్‌కు అమ్మ ముద్దులతో రాసేది.

మేమంతా బాగానే ఉన్నాం. మీ అమ్మమ్మకు మోకాలి నొప్పి తగ్గలేదు గానీ, చర్చికి మాత్రం అందరికంటే ముందే తయారవుతోంది. నీ ఉత్తరం మంగళవారం అందింది. అక్కడ జర్మనీలో మీ సైన్యం వంటవాడు కాబేజీని ఏం చేస్తున్నాడో చదివి వినిపిస్తే అమ్మమ్మ చాలాసేపు బాధపడింది. ఉన్ని మేజోళ్లు రెండు జతలు వేరే పార్సెల్‌లో పంపాను. కుక్క ఎలా ఉందని అడిగావు. దానికిప్పుడు ఒక చెవి వినపడదు, రెండో చెవితో వినదు.

నువ్వడిగిన అసలు ప్రశ్నలు రెండు. కంపెనీ చరిత్ర పుస్తకం అచ్చయిందా అన్నది ఒకటి. మార్చిలో సైన్యం వదిలేశాక ఫ్యాక్టరీలో కారు సీట్లు కుట్టే షాపులో నాన్న పక్కన నీ చోటు ఇంకా ఉందా అన్నది రెండోది. రెండింటికీ ఒకటే జవాబు. ఫ్యాక్టరీ మూతపడింది నాయనా. అక్టోబరు పదకొండున ఆఖరి కారు బయటికి వెళ్లింది. నెల దాటినా నీకు రాయలేదు. కలం పట్టుకున్నప్పుడల్లా అలసట వచ్చేది.

పుస్తకం పని జనవరిలో మొదలైంది. కంపెనీకి యాభై ఏళ్లు నిండుతున్నాయి, చరిత్ర రాయించాలని మా అధ్యక్షుడు ప్రూయెట్ గారికి బుద్ధి పుట్టింది. ఆయన చెప్పేవారు, నేను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చేసేదాన్ని. పాత కాగితాలు వెతికే పనీ నాదే. గుర్రపు బగ్గీలు చేసే థార్న్‌బెరీ అన్నదమ్ములు 1907లో ఒక బగ్గీకి ఇంజను తగిలించి ఊళ్లో తిప్పారు. పిండిమిల్లు గోడకు గుద్దుకుంటే గానీ అది ఆగలేదట. ఆ ముక్క ప్రూయెట్ గారు కొట్టేయించారు. ఆ తర్వాత మంచి రోజులు, ఏడాదికి నలభై వేల కార్లు. 1933లో కంపెనీ అప్పులపాలై కోర్టు చేతికి పోయినప్పుడు కార్మికులు ఆరు వారాలు జీతం లేకుండా పనిచేసి దాన్ని నిలబెట్టారు. వాళ్లలో మీ నాన్న ఒకడు. నువ్వప్పుడు నా కడుపులో ఉన్నావు. ఈ సంగతి పుస్తకంలో రెండు వాక్యాల్లోనే వచ్చింది. యుద్ధంలో సైన్యానికి ట్రక్కులు చేశాం. మూడేళ్ల కిందట, పెద్ద కంపెనీలు ధరలు దించేస్తుంటే నిలవలేక, మనలాంటిదే ఇంకో చిన్న కంపెనీతో కలిశాం. ఈతరాని వాళ్లిద్దరు నీళ్లలో ఒకరినొకరు పట్టుకున్నట్టుందని నాన్న అప్పుడే అన్నాడు.

ఆఖరి కారు లేతాకుపచ్చ స్టేషన్ వ్యాగన్. వెనక సీటు బిగించే ముందు దాని అడుగున అందరూ పేర్లు రాశారు. కార్లకు రంగులేసే లయోష్ నువ్వే రాయమంటే అతని పేరు నాన్న రాశాడు. కారు కదులుతుంటే పని ఆపేసి అందరూ దాని పక్కనే గేటు దాకా నడిచారు.  నేను రెండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి చూశాను. కిందికి దిగడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

జూన్ పదమూడు ఉదయం ప్రూయెట్ గారు పుస్తకంలో చివరి అధ్యాయం చెప్పారు. దాని పేరు ‘రాబోయే యాభై ఏళ్లు’. మధ్యాహ్నం తలుపు వేసి ఇంకో ఉత్తరం చెప్పారు. అక్టోబరులో ఇక్కడి ఫ్యాక్టరీ మూసేయాలన్న డైరెక్టర్ల తీర్మానం అది. రెండూ ఒకే మిషన్ మీద టైపు చేశాను. “ఇది బయటికి పొక్కితే అక్టోబరు దాకా ఉన్న పని కూడా ఉండదు, ఇలోనా. ఎవరికీ చెప్పనని నీ మాట కావాలి,” అన్నారాయన. ఇచ్చాను.

ఆ శనివారం నాన్నా నేనూ వెనక వసారాలో బఠానీలు ఒలుస్తున్నాం. డేటన్ నగరంలో విమానాల సీట్లు చేసేచోట నాన్నను ఫోర్‌మన్‌గా రమ్మన్నారు, సోమవారంలోగా జవాబు చెప్పాలి. “నువ్వు పైన కూర్చుంటావు కదా, ఏమన్నా చెవిన పడిందా? పడితే చెప్పు, పోదాం,” అన్నాడు. “ఏమీ లేదు. కొత్త మోడల్ పనిలో ఉన్నారు,” అన్నాను. బఠానీల మీద నుంచి తలెత్తలేదు. ఈ వయసులో ఊరు మారే బాధ తప్పిందని నాన్న నవ్వాడు. సోమవారం రానని చెప్పేశాడు. నీ చోటు నీకోసం ఉందని నేను నీకు రాసింది కూడా ఆ వారమే.

సెప్టెంబరులో కబురు బయటపడ్డాక చర్చిలో ఆడవాళ్లు నన్ను కావలించుకున్నారు, నీక్కూడా చెప్పలేదా పాపం అని. ఆ జాలిని నేను కాదనకుండా తీసుకున్నాను. డేటన్‌లో ఫోర్‌మన్ పని అప్పటికే వేరేవాళ్లకు పోయింది. నాన్న ఇప్పుడు పాత సోఫాలకు గుడ్డ మారుస్తున్నాడు. ఎక్కడికీ కదలని వాటికి కుట్టడమేమిటో అంటాడు.

ఇక్కడిదాకా రాశాక, నీకంటే ముందు నాన్నకు చెప్పడం న్యాయమనిపించింది. నాన్న వంటింట్లో కత్తెరలు సానబెట్టుకుంటున్నాడు. ఎదురుగా కూర్చుని చెప్పాను.

 సానబెట్టడం ఆపకుండానే, “లయోష్‌కి కూడా చెప్పలేదా?” అని అడిగాడు.

“ఎవరికీ చెప్పలేదు.”

“నాకొక్కడికి చెప్పి ఉంటే, నేను రోజూ వాళ్ల మొహాలు ఎలా చూసేవాణ్ణి?”

నాకు ఊపిరి వచ్చినట్టయింది. ఇంతలో కత్తెర బల్ల మీద పెట్టి, “అయినా చెప్పాల్సింది, ఇలోనా. నేనడిగాను కదా,” అన్నాడు. కోటు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఇది సోమవారం పొద్దున్న రాస్తున్నాను. రాత్రి నాన్న నీ గదిలో పడుకున్నాడు. కాఫీ తాగుతూ ఈ ఉత్తరం అడిగి తీసుకుని మొత్తం చదివాడు. తిరిగి ఇచ్చి, “డేటన్‌లో కుర్రాళ్లను తీసుకుంటున్నారట. మార్చిలో నేరుగా అక్కడికే పొమ్మను. మన కోసం ఇక్కడికొచ్చి కూర్చోవద్దని రాయి,” అన్నాడు. నిన్నటి నుంచి నాతో మాట్లాడింది ఆ మాటే. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇట్లు,
నీకు తప్పు రాసిన, నిన్ను ప్రేమించే
అమ్మ