వానలో చూసిన నేల

మామగారికి నమస్కారాలు. మేమిద్దరం కులాసా. ఇల్లమ్మిన డబ్బంతా పరాయి దేశంలో నేలపాలు చేస్తామని దిగులుపడ్డారు కదా, మీ అమ్మాయి వల్ల ఆ గండం తప్పింది.

ఏటి పక్కన చదునైన పొలం, ధర చవక. చూడగానే నాకు నచ్చేసింది. తీరా బయానా ఇచ్చే రోజున మీ అమ్మాయి ఒళ్లోని సంచి తెరవలేదు.

"ఒక్క పెద్ద వాన పడనివ్వండి. నీళ్లెటు పోతాయో చూడకుండా నేను డబ్బు తియ్యను" అంది.

దళారి ముందు నాకు తల కొట్టేసినట్లయింది. "బేరం చెడిపోతుందే!" అని కసిరాను.

"చెడితే చెడనివ్వండి" అని లేచింది.

ఇక్కడ ఏడాది పొడుగునా ఉక్క, వానకు కాలమంటూ లేదు. ఆ వారంలోనే కుండపోతగా కురిసింది. వెళ్లి చూస్తే పొలమంతా నీళ్లే, కంచె రాటల తలలు మాత్రం కనబడుతున్నాయి. దళారి బండి దిగనే లేదు. మీ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "పక్కన నీళ్లెక్కని ఆ మెరక ఎవరిదో కనుక్కోండి" అంది, అంతే. మీ పెంపకానికి దండం.

ఆ మెరకే కొన్నాం. అదే డబ్బుకు సగం నేలే వచ్చింది. బండి బాటకూ బోరుకూ పోగా మిగిలింది రాటల మీద ఇంటి కప్పుకు చాలుతుంది. గోడలు తొలి పంట చేతికొచ్చాక.

మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మీ అమ్మాయి కుట్టుమిషను అమ్మకండి, ఇటు వచ్చేవాళ్లుంటే పంపండి. అత్తగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

కార్డులో చోటు అయిపోతోంది. పట్టా మీ అమ్మాయి పేరనే రాయించాను. సాక్షి సంతకం నాది.

మీ అల్లుడు