ఉప్పు చూసేవాడి గోలీలు

ఫిబ్రవరి 24, సోమవారం

తిండి అరిగించే రసం ఇచ్చే ప్యాంక్రియాస్ పనిచేయడం లేదట. డాక్టర్ సుచరిత గారు స్కాన్ ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించారు. నాకు మబ్బులు తప్ప ఏమీ కనబడలేదు. ఫలక్‌నుమా డిపోలో బస్సు ఇంజన్లు విప్పి రిటైరైన మనిషిని, నా భాషలో రాసుకుంటాను. డీజిల్ వస్తోంది, కాలడం లేదు, సైలెన్సర్‌లోంచి అలాగే పోతోంది. దొడ్డికి పోతే నూనె తేలడానికి కారణం అదే. బెల్టుకి కొత్త చిల్లు నేనే మేకుతో పొడుచుకున్నాను.

రోజుకి ఎంత తాగుతారండీ అని అడిగారు. ఛాయ్ అన్నాను. నమ్మలేదు. ముక్కు ఎర్రగా ఉండడం నా తప్పు కాదు, మా నాన్న ఇచ్చిన ఆస్తి. అన్ని టెస్టులూ అయ్యాక, కారణం దొరకని కేసులు కూడా ఉంటాయిలెండి అన్నారు. సారీ మాత్రం చెప్పలేదు.

ఎంజైమ్ క్యాప్సూల్స్, మా గల్లీ భాషలో గోలీలు, రాశారు. ఇంకా బోలెడు జాగ్రత్తలు చెప్పారు. నేను తల ఊపాను. వినకుండా తల ఊపడంలో నాది పెద్ద సర్వీసు, ఎందరో డిపో మేనేజర్ల ముందు ఊపాను.

అదే రోజు, భోజనం అయ్యాక

డబ్బాలో కాగితం మడత విప్పి చదివాను. పోర్సైన్ అని ఒక మాట. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న నా అట్టలేని డిక్షనరీ తీశాను. నాకు ఇంగ్లీషు నేర్పిన మాస్టారు అదొక్కటే, ఏనాడూ బెత్తం తీయలేదు. పందికి సంబంధించినది, అని ఉంది.

మా ఆవిడ సుందరమ్మ పకపకా నవ్వింది. క్రిస్మస్‌కు మీ అన్నగారింట్ల తింటలేవా, గోలీల ఉంటె ఏమొచ్చిందయ్యా అంది.

నాకేం రాలేదు. కానీ మా గల్లీ మొయిన్ భాయ్ ఉన్నాడు కదా, ఆయనకు పంది హరామ్.

మార్చి 1, శనివారం

రేపటి నుంచి రంజాన్. మా గల్లీ మొగలో మొయిన్ భాయ్ ఇటుకలతో భట్టీ కట్టేశాడు.

ఆయన హలీమ్ వండుతాడు. రోజాలో, అంటే ఉపవాసంలో, ఉంటాడు కనుక నోట్లో పెట్టుకోడు. దేగ్‌లో మాంసం, గోధుమలు మెత్తగా మెదిగేలా ఘోటా కొట్టేవాళ్ళూ రోజాలోనే ఉంటారు. మరి ఉప్పు ఎవరు చూడాలి? నేను. నా వెంట్రుకలు నల్లగా ఉన్నప్పటి నుంచీ నేనే. ఒకసారి వాళ్ళ వెస్పా బాగు చేస్తే గిన్నెడు హలీమ్ ఇచ్చాడు. ఉప్పు తక్కువైంది భాయ్ అన్నాను. అప్పటిదాకా ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పలేదట. అందరూ వాహ్ వా అనేవాళ్ళే. మర్నాడు మధ్యాహ్నం ఇంటికి కబురు పంపాడు. అంతే, అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేని ఉద్యోగం. ఆర్టీసీ రిటైర్ చేసింది గానీ ఇందులో రిటైర్మెంట్ లేదు.

ఎదురుగా హార్డ్‌వేర్ షాపు కొండల్‌కి ఈ సీటు మీద ఎప్పటి నుంచో కన్ను. ఇవాళ పిలిచి మరీ అన్నాడు. ఏంది బాపు, నీకు కడుపుల మిషిన్ ఖరాబైందట గదా, ఈ ఏడు నేనే చూస్త ఉప్పు.

నీ షాపులో మేకులు చూసుకో అన్నాను.

మార్చి 2, ఆదివారం

మొయిన్ భాయ్ నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. క్యా ప్రకాశం భాయ్, ఆ షర్టుల నువ్వున్నవా, లేక హ్యాంగర్ ఉందా అన్నాడు. సన్నబడితే వయసు తగ్గుతుందట భాయ్ అన్నాను.

గిన్నె ఇచ్చాడు. మీసం తుడుచుకుంటున్నట్టు చేయి పైకి తెచ్చి గోలీ నోట్లో వేసుకున్నాను. నీళ్ళు అడగలేదు. పొద్దుటి నుంచి చుక్క నీరు ముట్టని మనుషులు ఎండలో, మంట ముందు చెమటలు కక్కుతూ ఘోటా కొడుతుంటే వాళ్ళ ఎదుట గ్లాసు ఎత్తి గటగటా తాగుతానా? ఇన్నేళ్ళలో ఎన్నడూ తాగలేదు. పైగా నీళ్ళు అడిగితే ఏం గోలీ అంటారు. ఏం చెప్పను?

గోలీని బుగ్గన పెట్టుకుని, హలీమ్ మింగినప్పుడు దాంతోపాటే దించేద్దామనుకున్నాను. వేడికి అది కరిగి పగిలింది. లోపలి గింజలు పళ్ళ సెట్టు కిందికి చేరాయి. ఇసుక నమిలినట్టుంది. అయినా నవ్వు ముఖం పెట్టాను. ఉప్పు సరిపోయింది.

కొండల్ షాపు మెట్టు మీదే నిలబడి చూస్తున్నాడు. చూడనీ.

మార్చి 5, బుధవారం

ఇవాళ భస్మ బుధవారం. లెంటు మొదలు. సుందరమ్మ నలభై రోజులు మాంసం ముట్టదు. ఒకపక్క మీ మొయిన్ భాయ్ ఉపవాసం, ఇంకోపక్క నీ పెండ్లాం ఉపవాసం, నడుమ నువ్వొక్కడివే గిన్నె పట్టుకొని తిరుగు అంది. దేవుడు ప్రతి ఇంట్లోనూ ఒకణ్ణి ఉప్పు చూడడానికి ఉంచుతాడు అన్నాను.

నోట్లో మంటగా ఉంది. ఛాయ్ వేడి అయి ఉంటుంది.

మార్చి 7, శుక్రవారం

రాయాలని లేదు.

మార్చి 8, శనివారం

రాస్తాను. నిన్న జుమ్మా. పెద్ద దేగ్. మసీదు నుంచి జనం తిన్నగా గల్లీలోకే వస్తారు. గిన్నె నోటి దగ్గర పెట్టుకుంటే నాలుక మీద ఏదీ నిలవలేదు, మంట తప్ప. చప్పగా అనిపించింది. ఉప్పు చాలదు భాయ్ అన్నాను. మొయిన్ భాయ్ గుప్పెడు వేశాడు. ఇంకా అన్నాను. ఇంకా వేశాడు.

ఇఫ్తార్‌కి మొదటి చెంచా తిన్నవాళ్ళ ముఖాలు నేను చూశాను. దినమంతా దాహంతో ఉన్న మనుషులకి ఉప్పు కషాయం పోశాను. సగం దేగ్ మిగిలిపోయింది. కొండల్ గల్లీ అంతా వినబడేలా, ముసలోని నాలుకకు పింఛన్ ఇయ్యుండ్రి అన్నాడు.

మొయిన్ భాయ్ దేగ్ మీద మూత పెట్టి భట్టీ ఆర్పేశాడు. తిట్టినా బాగుండేది.

ఇవాళ మధ్యాహ్నం కబురు రాలేదు. కిటికీలోంచి చూశాను. గిన్నె కొండల్ చేతిలో ఉంది.

మార్చి 10, సోమవారం

ఇంట్లో కూర్చుని ముసలాణ్ణయ్యానని ఏడవను. ఇంజన్ మొరాయిస్తే బస్సుని పాతిపెడతామా? డాక్టర్ దగ్గరికి పోయాను.

నోరు తెరవమని టార్చి వేసి చూశారు. చిగుళ్ళ నిండా పుళ్ళు. గోలీ ఎలా వేసుకుంటున్నారు అన్నారు. చెప్పాను. ఆవిడ టార్చి కింద పెట్టేశారు. అయ్యో, చప్పరించే బిళ్ళ కాదండీ అది, తిండిని అరిగించే మందు, నోట్లో దాచుకుంటే మీ నోటినే అరిగిస్తుంది అన్నారు. పోయినసారి ఇదే చెప్పాను, మీరేమో ఎంచక్కా తలూపారు అని కూడా అన్నారు.

ఈసారి తల ఊపకుండా విన్నాను. మొదటి ముద్దతోనే, నిటారుగా కూర్చుని, గ్లాసు నిండా నీళ్ళతో, పగలకుండా మింగాలి. మింగలేకపోతే విప్పి చల్లని యాపిల్ గుజ్జులో కలిపి, నమలకుండా మింగి, వెంటనే నీళ్ళు తాగాలి. వేడి పదార్థంలో, పాలలో కలపకూడదు. మరిచిపోతే తర్వాత రెట్టింపు వేసుకోకూడదు. భట్టీ పక్కన జేబులో పెట్టుకుని తిరిగితే వేడికి మందు చచ్చిపోతుందట. హలీమ్ రోజున నాలుగు ఎక్కువ వేసుకోనా అన్నాను. డోసు పెంచేది నేను, మీరు కాదు, మరీ ఎక్కువైతే పేగుకే ప్రమాదం అన్నారు.

మరి హలీమ్ మానేయనా అన్నాను. ఎందుకండీ, కొవ్వు మొత్తం మానేస్తే ఇంకా చిక్కిపోతారు, చిన్న గిన్నె తినండి, మందుతో తినండి అన్నారు. ఆవిడ డిగ్రీల మీద నాకు అప్పుడు గౌరవం కలిగింది.

మార్చి 17, సోమవారం

పుళ్ళు మానాయి. పొద్దున చారులో ఉప్పు ఎక్కువైందన్నాను. సుందరమ్మ రుచి చూసి, అవునంది. నాలుక ఇంటికొచ్చింది.

తిన్నగా భట్టీ దగ్గరికి నడిచాను. అందరి ముందే చెప్పాను. భాయ్, నేను వేసుకునే గోలీ పంది నుంచి తీసింది. అది లేకపోతే నాకు తిండి అరగదు. నీ దగ్గర దాచడానికి నీళ్ళు లేకుండా బుగ్గన పెట్టుకున్నాను, అందుకే నోరు పుండై ఆ రోజు నీ దేగ్ పాడైంది. ఇకమీద నీళ్ళతోనే వేసుకుంటాను, దాచను. ఇక్కడికి రావద్దంటే రాను.

ఘోటా ఆగింది. కొండల్ షాపులోంచి బయటికి వచ్చాడు.

మొయిన్ భాయ్ చేతిలో గరిటె పక్కన పెట్టాడు. పంది అన్న మాటకి కాదు ఆయనకు కోపం వచ్చింది. ఇన్నేండ్ల సంది నా ఉప్పు చూస్తున్నవ్, నన్ను గింత చిన్నోనిగ లెక్కేసినవా అన్నాడు. నీ కడుపులకు పోయేది నీ దవా. నా దేగ్‌లకు పోయేది నా జిమ్మా, నా పూచీ. రెంటికీ నడుమ ఏం లొల్లి ఉంది? చెయ్యి కడుక్కో, చెంచా దేగ్‌ల పెట్టకు, చాలు అన్నాడు. ఆ తర్వాత కొండల్ వైపు వేలు చూపించి, ఈయన వారం నుంచి ప్రతి దేగ్‌కీ మస్తుంది భాయ్, మస్తుంది భాయ్ అంటుండు, గా మాట మా బకరా గూడ అంటది అన్నాడు. కొండల్ లోపలికి పోయాడు.

మొయిన్ భాయ్ లేచి, కుండలోంచి గ్లాసు నిండా నీళ్ళు తనే ముంచాడు. పెదవులు ఎండి తెల్లగా పగిలి ఉన్నాయి. గ్లాసు నా చేతికి ఇచ్చాడు. నేను గోడ వైపు తిరగబోయాను.

నా ముందే తాగు అన్నాడు. మల్ల బుగ్గల పెట్టుకుంటవేమో నేను చూడాలె.

తాగాను. నోరు తెరువ్ అన్నాడు. తెరిచాను. నాలుక ఎత్తు అన్నాడు. ఎత్తాను. డ్యూటీ నర్సులు కూడా అంత చూడరు.

గిన్నె ఇచ్చాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉంది అని చెప్పడం తేలిక. తక్కువైందన్న రోజున మళ్ళీ నమ్ముతాడా, అదీ పరీక్ష.

మార్చి 22, శనివారం

బెల్టు పాత చిల్లుకి ఇంకా రాలేదు. వస్తుంది.

మార్చి 28, శుక్రవారం

రంజాన్ ఆఖరి జుమ్మా. పెద్ద దేగ్. కొంచెం తక్కువైంది భాయ్ అన్నాను. ఎంత అని కూడా అడగకుండా ఉప్పు డబ్బా నా చేతికే ఇచ్చాడు.