ఎర్త్‌కి తవ్విన గొయ్యి

బారువ, 4-4-2002

బావ తాతారావుకి పోలారావు నమస్కారాలు.

అంతా క్షేమమని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. కొత్త గ్రైండరు ముట్టుకుంటే మీ చెల్లెలు ధనమ్మకి షాకు కొడుతోంది. నిన్న పిండిగిన్నెతో సహా ఎగిరి గోడకి కొట్టుకుంది. మోచెయ్యి వాచింది. "గ్రైండరైనా ఉండాల, నానైనా ఉండాల. తేల్సీ" అంటోంది. ఇంటికి ఎర్త్ లేదట. ఒకడు బోరింగు గొట్టానికి తీగ కట్టమంటాడు, ఒకడు రాడ్డు దిగ్గొట్టమంటాడు, ఇంకొకడు గొయ్యి తవ్వమంటాడు. కూర్చుంటే కూర్చోబుద్ధి కావడం లేదు. పలాసలో ఇన్ని జీడిపప్పు ఫ్యాక్టరీలకి వైరింగు చేసినవాడివి, నువ్వే చెప్పు.

ఇట్లు, నిలబడే రాస్తున్న
పోలారావు

తా.క.: ధనమ్మ ఇప్పుడు గ్రైండరుకి దణ్ణం పెట్టి మరీ స్విచ్చి వేస్తోంది.

పలాస, 9-4-2002

బావా,

ఉత్తరం అందింది, నీ కంగారూ అందింది. బోరింగు జోలికి పోకు, నీళ్లకొచ్చిన వాళ్లందరికీ షాకు పంచిపెడతావు. రాడ్డు మీ ఇసుకలో ఇట్టే దిగుతుంది గానీ పొడి ఇసుకలో లాభం లేదు. తడి తగిలేదాకా ఎనిమిదడుగుల గొయ్యి తవ్వు. అందులో ఇనప గొట్టమైనా, రాగి ప్లేటైనా పెట్టొచ్చు. చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి రోజూ నీళ్లు పొయ్యి. తీగ మాత్రం తెలిసినవాడే కలపాలి. నాకిది జీడిపప్పు సీజను, కదల్లేను.

ఇట్లు, తాతారావు

తా.క.: అంతవరకు చెల్లెమ్మని రోట్లో రుబ్బుకోమను. నేనన్నానని మాత్రం అనకు.

బారువ, 15-4-2002

బావా, కొంప మునిగింది.

రాగి ప్లేటన్నావు కదా అని ధనమ్మ పూజపళ్లెం గోతిలో పెట్టాను. అది మీ అమ్మ ఇచ్చినదట. నాతో మాటలు మానేసింది. అదీ చిన్న కష్టమే. నేను బొగ్గులూ ఉప్పూ పోస్తుంటే పక్కింటి అప్పలమ్మ గోడమీంచి చూసి, "ఏటి సేత్తన్నావు పోలారావూ?" అంది. "ఎర్త్‌కి పెడతన్నాను" అన్నాను. ఆమెకి "ఎర్రత్తకి" అని వినబడింది! ఎర్రత్త మా ఎదురింటి ముసలమ్మ, నాలుగు రోజులుగా జ్వరంతో ఉంది. పోలారావు ఎర్రత్తకి సిల్లంగి పెట్టాడని, మంత్రం వేసి చంపుతున్నాడని సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోయింది. ఆమె కొడుకు పోతురాజు వచ్చి, "మాయమ్మకేటైనా అయితే ఆ గోతిలో నిన్నే పూడ్సేత్తాను" అన్నాడు. గడప దాటలేకపోతున్నాను.

ఇట్లు, తలుపు గడియ పెట్టుకున్న
పోలారావు

తా.క.: గోతిలో నీళ్లు పోసినప్పుడల్లా ఎర్రత్తకి చెమటలు పడుతున్నాయట.

పలాస, 19-4-2002

బావా,

ప్లేటంటే రెండడుగుల రాగి రేకయ్యా, పళ్లెం కాదు! అది తీసి, తోమి, చెల్లెమ్మకిచ్చెయ్యి. నీకు గొట్టమే మంచిది. గొట్టం పాతాక కరెంటు పని తెలిసినవాణ్ణి పిలిచి, నలుగురి ముందూ ఒక కొస కరెంటు తీగకీ, ఒక కొస ఎర్త్‌కీ కలిపి బల్బు వెలిగించి చూపించమను. నిండుగా వెలిగితే ఎర్త్ బాగున్నట్టు. సిల్లంగి కాదని వాళ్లకీ తెలుస్తుంది.

ఇట్లు, తాతారావు

తా.క.: గొయ్యి లోతెంతో పోతురాజుకి చెప్పకు.

బారువ, 27-4-2002

బావా,

సోంపేట నుంచి నారాయణమూర్తి అనే కరెంటు మేస్త్రీని తెచ్చాను. గొట్టం పాతి, తీగ లాగి, గ్రైండరు ప్లగ్గుకి కలిపి, బల్బు పెట్టాడు. భగ్గున వెలిగింది. "ఓర్నాయనో, బూమిలో కరెంటుంది!" అని పోతురాజు అరిచాడు. మర్నాటి నుంచి బల్బులు పట్టుకుని వాకిట్లో జనం. అది తీగలోంచి వచ్చిన కరెంటేనని ఎంత చెప్పినా, "నువ్వొక్కడివే దాసుకుంతావేటి?" అంటున్నారు. ఎర్రత్తకి జ్వరం తగ్గింది. కర్ర పట్టుకుని తానే వచ్చి, "నా పేరు మీదే తవ్వినావు గదా, ఆ గొయ్యి నాకిచ్చీ" అంది.

ధనమ్మ గ్రైండరు మీద ముందు ఒక వేలు పెట్టింది, తరవాత అరచెయ్యి. షాకు లేదు.

ఇట్లు, కూర్చుని రాస్తున్న
పోలారావు

తా.క.: ఎర్రత్త ఇంట్లో కరెంటే లేదు.

పలాస, 2-5-2002

పోలారావు అన్నయ్యగారికి, తాతారావుగారి భార్య ఉషారాణి రాస్తున్నది.

మీ ఉత్తరాలు మావారు వచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తున్నారు. "ఎర్త్ లేని ఇల్లు ఒక ఇల్లా?" అంటున్నారు. అన్నయ్యగారూ, మా ఇంటికి ఎర్త్ లేదు. ఆరేళ్లుగా నేను రబ్బరు చెప్పులేసుకుని, చెక్కపీట ఎక్కి మిక్సీ వేస్తున్నాను. అడిగితే సీజనంటారు. నిన్న పట్టలేక, "చెప్పులు విప్పి మీరే మిక్సీలో పచ్చడి వెయ్యండి" అన్నాను. చెయ్యి చాపారు, వెనక్కి తీసుకున్నారు, ఫ్యాక్టరీలో ఏదో పనుందని వెళ్లిపోయారు.

గొట్టం నేనే కొనేశాను. ఆదివారం మీరు గునపం పట్టుకుని రండి. ధనమ్మ వదిననీ తీసుకురండి, వాళ్ల అన్నగారితో మాట్లాడటానికి.

ఇట్లు, మీ చెల్లెలు
ఉషారాణి

తా.క.: ఈ కవరు పోస్టు చెయ్యడానికి మావారే పట్టుకెళుతున్నారు. లోపల వదినకి ఆవకాయ కొలతలు రాశానని చెప్పాను.