దద్దుర్ల మందు

వదినా,

మళ్ళీ ఫోన్ చేస్తే నోరు జారతానని రాస్తున్నాను. మీ ఇంటికి పాపని పంపినప్పుడు, దద్దుర్లు లేస్తేనే వెయ్యమని ఇచ్చిన సిరప్ సీసా దాదాపు ఖాళీ అయి తిరిగొచ్చింది. కొలిచే మూతకి మాత్రం తడైనా అంటలేదు. నిన్న ఫోన్లో అడిగితే, "దద్దుర్లేం లేవులే. అల్లరి చేసినప్పుడల్లా ఓ చెంచాడు పోశా, హాయిగా పడుకుంది" అని నవ్వావు. అది దురదకి మందు, నిద్రకి కాదు. డాక్టరు పాప బరువు చూసి కొలత రాశాడు, నీ సీరియల్ టైము చూసి కాదు. మోతాదు మించితే ప్రాణం మీదికొస్తుంది వదినా!

పొద్దున అన్నం పెడదామని చెంచా తీశాను. పాప గభాలున కళ్ళు మూసుకుని, "పడుకున్నానమ్మా, మందొద్దు" అంది.