లెఫ్ట్ కార్నర్

సెప్టెంబర్ 6, బుధవారం

కేరల్ ఫోన్ చేసింది. డేల్ కోచ్ భార్య. యూనివర్సిటీ టీమ్‌లో నాకు డిఫెన్స్ నేర్పిన మనిషి గురించి, మాటలు ఏరుకుంటూ చెప్పింది. మతిమరుపు మొదలై ఏడాది దాటిందట. పొద్దున తిన్నాడో లేదో గుర్తుండదు కానీ, మా లెఫ్ట్ కార్నర్ ఏడి అని రోజూ అడుగుతున్నాడట. 'ఒకసారి రాగలవా, శ్రీ?'

శనివారం వస్తానన్నాను. శ్రీధర్‌ని శ్రీ అని పిలిచేవాళ్లు ఆ గ్రౌండ్‌లో తప్ప ఎక్కడా లేరు.

సెప్టెంబర్ 9, శనివారం

నేనుండే ఓక్‌విల్ నుంచి డేల్ వాళ్ల వాటర్లూ దాకా వాన.

గుర్తుపట్టాడు. లేవబోయి, లేవలేక, పక్కనున్న కుర్చీ చూపించాడు. టీవీలో మా పాత మ్యాచ్. 'ఇప్పుడు లోపలికి తిరుగుతాడు చూడు' అంటాడు — ఆ ఆటగాడు అలాగే తిరుగుతాడు. ఒక్కటీ తప్పలేదు. తెర మీద బక్కపలచగా, జెర్సీలో మునిగిపోయి నేను. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది.

కేరల్ టీ ఇచ్చి వెళ్లాక నా వైపు వంగి, ఆ మంచావిడ ఎవరని అడిగాడు.

సెప్టెంబర్ 10

నిన్నటి నుంచి ఆ మొదటి రోజే కళ్లలో.

రెండో సంవత్సరం. రూమ్మేట్ నవీన్, నేను లైబ్రరీకి పోతున్నాం. గ్రౌండ్‌లో టీమ్ ఎంపికలు, ఎవరైనా రావచ్చని బోర్డు. నవీన్‌ది భీమవరం, ఊరికే ఉండడు. 'ఒరేయ్, పేరుకి ఫుట్‌బాలే గానీ బంతి చంకలో పెట్టుకుని పరిగెడతన్నారు. నువ్వు సిద్దిపేటలో పట్టుకునేవాడివేగా, వెళ్లి పట్టుకో.' నవ్వుతూనే నెట్టాడు.

ఎవరిదో హెల్మెట్. తల తిప్పితే అది తిరగదు. ఒకడు బంతితో నా పక్కనుంచి దూసుకుపోతున్నాడు — నాకంటే జానెడు పొడుగు, రెండింతలు ఒళ్లు. ఆలోచన లేదు. నేల మీదికి దూకి మడమ పట్టేశాను. వాడు పడ్డాడు. కాలేజీ కబడ్డీలో లెఫ్ట్ కార్నర్‌గా నేను చేసిందంతా అదే.

డేల్ వచ్చి పైన నిలబడ్డాడు. ఎవరు నేర్పారని అడిగాడు. కబడ్డీ అన్నాను. మర్నాడు టీమ్ మొత్తాన్ని హెల్మెట్లు లేకుండా గడ్డిలో నిలబెట్టి, నేర్పు అన్నాడు. కొండల్లాంటి మనుషులు, నోట్లోంచి ఆవిరి వస్తుంటే కబాడీ కబాడీ అంటూ... ఊపిరాడక దగ్గుతూ, నవ్వుతూ...

ఈ దేశంలో నాకంటూ చోటు దొరికింది ఆ పొద్దునే. ఎడమ అంచు. అటువైపు వచ్చేవాణ్ని ఆపడం నా పని.

సెప్టెంబర్ 14

పొద్దున ప్లాంటులో మీటింగ్. గ్యాస్కెట్ చేతిలోనే ఉంది. దాని పేరు నోటికి రాలేదు. 'ఇది' అని చూపించి గడిపేశాను. ఎవరూ గమనించలేదు.

సెప్టెంబర్ 17, ఆదివారం

అలసట అయ్యుంటుంది. షిఫ్టులు మారాయి కదా.

మూడో సంవత్సరం ఫైనల్ గురించి రాసుకుంటాను. మంచు. గీతలు కనపడక మాటిమాటికీ చీపుర్లతో ఊడుస్తున్నారు. ఆఖరి ఆట. వాళ్లకు ఇంకో రెండు గజాలు చాలు, కప్పు వాళ్లది. బంతి నా వైపే వచ్చింది. వస్తుందని నాకు తెలుసు — బంతి ఉన్నవాడి కళ్లు ఒక్కసారి ఎడమకి కదిలాయి. రెండు చేతులతో మడమ. మొహం నిండా మంచు. పైన ఎవరెవరో పడ్డారు. విజిల్ వినపడింది కానీ ఎవరు గెలిచారో అర్థం కాలేదు. తర్వాత, ఆ చివర స్టాండ్స్‌లోంచి తెలుగులో — 'పట్టిండు! పట్టిండు!'

మేం అద్దెకున్న బేస్‌మెంట్‌లోని తెలుగువాళ్లంతా దుప్పట్లు కప్పుకుని వచ్చారు. ఒక్కరికీ రూల్స్ తెలియవు.

ఆ ఏడాది ప్రావిన్స్ మొత్తంలో బెస్ట్ డిఫెన్సివ్ ప్లేయర్ నేను. వేదిక మీద నా ఇంటిపేరు పలకలేక అవార్డు ఇచ్చే ఆయన తడబడుతుంటే, కింద నుంచి డేల్ గట్టిగా, తప్పు లేకుండా పలికాడు. ఎన్నాళ్లు సాధన చేశాడో.

సెప్టెంబర్ 23, శనివారం

మళ్లీ వెళ్లాను. కారు దూరంగా ఆపి, క్యాంపస్ మీదుగా డేల్ ఇంటి దాకా ఊళ్లో తిరిగే లైట్ రైల్‌లో వెళ్లాను. రైల్లో సగం మాటలు తెలుగే. వెనక సీట్లో ఒకమ్మాయి ఫోన్‌లో, 'లేదమ్మా, స్వెటర్ వేసుకునే ఉన్నా' అంటోంది. మేమున్నప్పుడు దారిలో తెలుగు వినపడితే ఆగి చేతులు కలిపేవాళ్లం.

డేల్ నిద్రపోతున్నాడు. కేరల్, నేను కాసేపు కూర్చున్నాం. ఈ మతిమరుపు, డేల్ కుర్రతనంలో ఆడినప్పుడు తలకు తగిలిన దెబ్బల వల్లేనని డాక్టర్లు అనుమానిస్తున్నారట. ఆమె చెప్పి నా మొహం చూసింది. నేను చేతిలోని టీ కప్పులోకి చూశాను.

సెప్టెంబర్ 24

ఇది రాయకుండా దాటేస్తున్నాను. రాయాలి.

నాలుగో సంవత్సరం. రెండోసారి తల నేలకు కొట్టుకుంది. లేచాను, నడిచాను, అవతలి టీమ్ బెంచి మీద కూర్చున్నాను. నవీన్ అడిగితే మనం సిద్దిపేటలో ఉన్నామన్నానట. రెండు వారాల్లో తేరుకున్నాను. అప్పటికే ప్రొఫెషనల్ టీమ్‌కి ఆటగాళ్లను ఎంచే క్యాంపు వాళ్లు నన్ను చూడ్డానికి వస్తామన్నారు.

ఆ ప్రాక్టీస్‌కు వెళితే నా హెల్మెట్ లేదు. డేల్ తన ఆఫీసులో పెట్టి తాళం వేశాడు. డాక్టర్ ఆడొచ్చన్నాడని అరిచాను. నా జీవితం నాశనం చేస్తున్నావన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

'నా తలకు ఎన్ని తగిలాయో నాకే తెలియదు, శ్రీ. నా హెల్మెట్ ఎవరూ తీసుకోలేదు.'

అంతే. నా ఆట అక్కడితో సరి. డిగ్రీ చేతికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను. కృతజ్ఞతలు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు... కోపం పోయిందో లేదో కూడా తెలియదు అప్పుడు. ఆ క్యాంపులో నిలబడేవాణ్నే అని ఇప్పటికీ అనుకుంటాను.

సెప్టెంబర్ 30, శనివారం

ఆ కృతజ్ఞతలు ఇవాళ చెబుదామని వెళ్లాను.

డేల్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే కోపం. ఇంకా డ్రెస్ వేసుకోలేదేం, హెల్మెట్ ఏది, సెకండ్ హాఫ్ మొదలవుతోంది అన్నాడు. కేరల్ కంగారుగా ఏదో చెప్పబోయింది.

'ఇవాళ నన్ను కూర్చోబెట్టారు, కోచ్' అన్నాను.

'ఎవరు?'

'నా మంచి కోరినవాళ్లే.'

మెల్లగా కుర్చీలో కూర్చుని, పక్కన చోటు చూపించాడు. 'అయితే ఇక్కడ్నుంచి చూడు. అంచు కాస్తూ ఉండు.' చెయ్యి నా మోకాలి మీద వేశాడు. టీవీలో పాత మ్యాచ్ అయిపోయేదాకా తీయలేదు.

అక్టోబర్ 3

నా భార్య సింధుకి చెప్పేశాను. గ్యాస్కెట్ సంగతి, పోయిన నెల హైవే మీద మా ఇంటికి తిరిగే ఎగ్జిట్ మర్చిపోయి దాటిపోయిన సంగతి. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. ఒంగోలు మనిషి, గొంతు పెంచుతుందనుకున్నాను. పెంచలేదు.

'ఎప్పటి నుంచి?'

'ఎండాకాలం నుంచి. అందరూ మర్చిపోతరు గదా.'

'అందరూ మర్చిపోతార్లే. అందరూ దాయరు.'

ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తనే తీసుకెళ్తానంది. సరే అన్నాను.

అక్టోబర్ 7

వాటర్లూ వెళ్లలేదు. నవీన్‌కి ఫోన్ చేశాను. ఒషావాలో ఉంటున్నాడు ఇప్పుడు. ఫైనల్ రోజు పట్టిండు అని అరిచింది తనే అంటాడు. భీమవరపోడివి, పట్టిండు అంటవా? అన్నాను. నీకోసం నీ భాషలో అరిచాన్రా అన్నాడు. చాలాసేపు నవ్వుకున్నాం.

అక్టోబర్ 19, గురువారం

స్పెషలిస్ట్ దగ్గర ఎవరో క్యాన్సిల్ చేసుకుంటే మాకు అపాయింట్‌మెంట్ దొరికింది. వెయిటింగ్ రూమ్‌లో రాస్తున్నాను. సింధు పార్కింగ్ టికెట్‌కి వెళ్లింది. ఎదురుగా ఒక కుర్రాడు, చెయ్యి స్లింగ్‌లో, పక్కన వాళ్ల నాన్న. ఇద్దరూ ఏదో మ్యాచ్ గురించే మాట్లాడుకుంటున్నారు. వినకూడదనుకుంటూ వింటున్నాను. ఆ కుర్రాడి మొహంలో వెలుగు...

ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే ఆడతానేమో. సింధుకి ఈ మాట చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది. నా పేరు పలకడానికి తంటాలు పడుతున్నారు.