రెండు పొట్లాల్లోనూ ఎర్ర పూలే

అక్కకు, మద్రాసు నుంచి తమ్ముడు చంద్ర రాసుకునేది. నువ్వు, పిల్లలు ఒంట్లో బాగున్నారని తలుస్తాను. చిన్నదానికి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. నాయన నేను పనిచేసే ఆస్పత్రిలోనే ఉన్నాడు, పక్కన బావ ఉన్నాడు. కంగారు పడొద్దని రాద్దామనే కూర్చున్నాను గానీ, కంగారు పడాల్సిన సంగతే రాయాల్సి వస్తోంది.

ఇక్కడ ఎండలు మామూలుగా లేవు. సముద్రపు గాలి అంటారు గానీ ఆ గాలికి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. మెస్సులో పొద్దున సాంబారు, రాత్రి సాంబారు. సంగటి తిని ఎన్నాళ్ళయిందో. నువ్వు బావ చేత పంపిన ఊరిబిండి పచ్చడి మూడు రోజుల్లో గిన్నె గీకి మరీ తినేశాను. నువ్వు చేసిన పని ఆ తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ముట్టేవాణ్ణి కాదు.

మూడు నెలల కింద నాయనకు పరీక్ష చేయించింది నేనే కదా. చెరకు తోట దాకా నడిస్తే రొమ్ము పట్టేస్తోందని నువ్వే రాశావు. నా పని ఆ పరీక్ష గదిలోనే. ఫిల్ము తీస్తే గుండె రక్తనాళం ఎక్కడ ఇరుకైందో కనిపిస్తుంది. ఎంత రక్తం పారుతోందో దాంట్లో తెలియదు. అందుకని సన్న గొట్టం గుండె దాకా పంపి, చల్లటి సెలైన్ వదిలి, ఆ చల్లదనం ఎంత తగ్గిందో చూసి లెక్క కడతాం. గుండెను కాస్త వేగంగా కొట్టించి మళ్ళీ కొలుస్తాం. మంచి గుండెకైతే పారకం పెరగాలి. నాయనకు పెద్దగా పెరగలేదు. ఇదంతా ఏమిటని నాయన అడిగితే, మోటారు ఎంత జోరుగా తిప్పినా కడ మడికి నీళ్ళు అందడం లేదని చెప్పాను.

"అట్లయితే వేరే కాలవ తీయాల్సిందే గదరా" అన్నాడు.

అంత తొందరగా అర్థమైన రోగిని నేను చూడలేదు. ఇరుకున్న చోట్లలో వేటికి తప్పనిసరిగా కొత్త దారి వేయాలో పెద్ద డాక్టరు ఆ కొలత చూసే నిర్ణయించాడు. కాలి నరం తీసి రెండు చోట్ల వేస్తామన్నాడు. నాయన సరేనని తలూపి, "స్వామిని ఒక మాట అడిగొస్తానప్పా" అని ఊరికి బయల్దేరాడు.

మన ఇంట్లో బావి తవ్వాలన్నా, పెళ్ళి కుదరాలన్నా ఆంజనేయస్వామి ముందర పూలు పెట్టి అడగనిదే పని జరగదు. ఒక ఆకులో తెల్ల పూలు, ఇంకో ఆకులో ఎర్ర పూలు కట్టి స్వామి పాదాల దగ్గర పెడతాం. చేతికి తెల్లవి వస్తే చెయ్యమని, ఎర్రవి వస్తే వద్దని. అమ్మ పోయినప్పటి నుంచి పొట్లాలు కట్టేది నువ్వే. నాయన తీసిన పొట్లంలో ఎర్ర పూలు వచ్చాయి.

నేను కూడా నమ్మానక్కా. ఇక్కడ అందరూ నవ్వుతున్నా, పెద్ద డాక్టరు దగ్గరికి నేనే పోయి ఆపరేషన్ల జాబితాలోంచి నాయన పేరు తీయించాను.

పోయిన వారం కూర్చున్న చోటే నొప్పి వచ్చిందని బావ తీసుకొచ్చాడు. మళ్ళీ కొలిచాం. ఈసారి పారకం మునుపటికంటే తగ్గింది. గుండె ముందు గోడ సరిగా కదలడం లేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడైనా చెయ్యొచ్చు. కండ చచ్చిపోయాక రక్తం తెచ్చిపోసినా లాభం లేదు" అన్నాడు. వచ్చే గురువారం మనకోసం ఉంచాడు. నాయన సంతకం పెట్టనంటున్నాడు. స్వామి వద్దన్న పని చెయ్యడట.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర బావ ఉండబట్టలేక చెప్పేశాడు.

"రెండు పొట్లాల్లోనూ ఎర్ర పూలే కట్టిందప్పా మీ అక్క. నేను సూస్తానే ఉండాను. నోరు మూసుకోమనింది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు ఆంజనేయస్వామికి కూడా సందివ్వలేదు కదక్కా!

నీ భయం ఎక్కడిదో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రొమ్ము ఎముక కోస్తారు, గుండెను ఆపేస్తారు అని గొప్పగా నాలుగు పేజీలు రాశాను. వీధి వీధంతా వినేట్టు చదివావట. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. భయమేస్తే నాకు రెండు ముక్కలు రాయకూడదా? దొంగతనంగా సిగరెట్టు తాగిన రోజు కూడా నీ దగ్గరికే వచ్చి చెప్పుకున్నవాణ్ణి. నన్ను మోసం చేశావు. ఇంకెవరు చేసినా ఇంత బాధ ఉండేది కాదు.

నాయనకు చెప్పాను. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అక్క మీదే సాడీలు సెప్తావా? నన్ను కోయించడానికి ఎంతకైనా దిగుతావా నువ్వు?" అని, బావ వైపు తిరిగి, "ఏమప్పా, నిజమా?" అన్నాడు.

"నాకేం తెల్దు మామా" అన్నాడు మీ ఆయన, గోడ వైపు చూస్తూ. టీ కొట్టు దగ్గరున్న నోరు మామ ముందు పడిపోయింది.

రెండు రోజులుగా నాయన నాతో మాట్లాడ్డం లేదు. పాలు కూడా బావ ఇస్తేనే తాగుతున్నాడు.

అందుకని నువ్వు రావాలి. ఉత్తరం రాయొద్దు, నేను రాయించానంటాడు. నీ నోటితోనే వినాలి. పిల్లల్ని పెద్దమ్మ దగ్గర వదిలి, మంగళవారం పొద్దున చిత్తూరులో మొదటి బస్సు ఎక్కు. ఆపరేషనయ్యాక ఉంచేది ఏసీ గదిలో, నాయన ఉన్ని దుప్పటి, కళ్ళద్దాలు పట్టుకురా. పోస్టును నమ్మలేక ఈ ఉత్తరం పూతలపట్టు బెల్లం లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. అతనికి ఒక పూట అన్నం పెట్టు.

నిన్న తలుపు దగ్గర నిలబడి విన్నాను. నాయన బావతో నీ గురించే అంటున్నాడు: "పాపను సూడాలని ఉండాదప్పా. ఆ తల్లి చేత్తో పూలు కట్టబట్టి స్వామి నాకు దారి సూపించినాడు. లేకుంటే ఈపాటికి కోసేసుందురు." నవ్వుతూ అన్నాడక్కా.

పెదనాయనకు, పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీకు మాత్రం ఈ ఉత్తరంలో దండం పెట్టడం లేదు. వచ్చి నాయనకు నిజం చెప్పు, ఆ మంచం పక్కనే నీ కాళ్ళ మీద పడతాను.

ఇట్లు,
నువ్వు పెంచిన తమ్ముడు,
చంద్ర