ఆరో గడి

నవంబర్ 3, సోమవారం

రామతులసి గారు వచ్చి ఫారం ఇచ్చి వెళ్లారు. పిల్లల రక్షణ ఆఫీసులో సోషల్ వర్కర్ ఆవిడ. చిన్న వయసే. మాట మెత్తన, పట్టు గట్టి. దీవెన మా ఇంటికి వచ్చి ఈ నెలాఖరుకి ఏడాది. అందుకని కేర్ ప్లాన్ కొత్తగా రాయాలట. చదువు, ఆరోగ్యం, అలవాట్లు, భయాలు, సొంతవాళ్లతో రాకపోకలు, ఆఖర్న బిడ్డ కోరిక. మొత్తం ఆరు గడులు. ఇరవై ఒకటో తేదీన పిల్లల సంక్షేమ కమిటీ వాళ్లు అది చూసి, దీవెన ఇంకో ఏడాది మా దగ్గర ఉండాలో వద్దో చెబుతారు.

ఉండాలో వద్దో! ఆ మాట విన్నాక అన్నం సహించలేదు. ఇది దత్తత కాదు, ఫోస్టర్ కేర్. మన పిల్లలా పెంచాలి, మన పిల్ల అనుకోకూడదు. మొదటిది చేతనవుతోంది. రెండోది నావల్ల కావడం లేదు.

మా ఆయన జయపాల్ గారు బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి ఫారానికి నాలుగు జిరాక్సులు తీయించుకొచ్చారు. ఒకదాంట్లో కొట్టివేతలు పడితే ఇంకోటి ఉండాలట. కరెంటాఫీసులో ఇరవై ఏళ్లుగా చేస్తున్నారు మరి.

నవంబర్ 5

ఐదు గడులు నింపేశాను. చదువు: ఐదో క్లాసు, లెక్కల్లో ఫస్ట్. ఆరోగ్యం: రెండు పళ్లు పుచ్చాయి, డాక్టరుకి చూపించాం. భయాలు: బల్లులు. రాకపోకల దగ్గర పెన్ను ఆగింది.

పామర్రులో అమ్మమ్మ ఉన్నారు, మణెమ్మ గారు. కూతురు పోయాక రెండేళ్లు పిల్లను ఆవిడే సాకారు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక, తనే కమిటీకి కబురు పెట్టి అప్పజెప్పారు. మంచి మనిషి. అదే నా భయం. మనవరాలు అడిగితే మళ్లీ తీసుకెళ్లిపోరూ?

నెలకోసారి తీసుకెళ్లి చూపించమని మొదట్లోనే చెప్పారు. రెండుసార్లు వెళ్లాం. తర్వాత వానలన్నాను, పరీక్షలన్నాను, నడుం నొప్పన్నాను. నడుం నొప్పి మాత్రం నిజం. రాకపోకలు: అవసరం మేరకు, అని రాసి ఊరుకున్నాను.

ఆరో గడి బిడ్డ మాటల్లోనే ఉండాలట.

నవంబర్ 6

నీకేం కావాలని దీవెనని అడిగాను. ఏమో ఆంటీ అంది. మళ్లీ అడిగాను. రొయ్యల వేపుడు అంది. గవర్నమెంటు ఫారంలో రొయ్యల వేపుడు రాస్తానా!

నవంబర్ 8, శనివారం

పదమూడేళ్లుగా సండే స్కూల్ టీచర్ని. నేర్పడం నాకో లెక్కా? తనకి క్రిస్టినా ఆంటీ, జయపాల్ అంకుల్ దగ్గరే ఉండాలని ఉంది, ఇంకెక్కడికీ వెళ్లాలని లేదు అని ఓ వాక్యం రాసిచ్చాను. మూడు సార్లకి కంఠతా పట్టేసింది. కంఠతా పోటీల్లో మా చర్చి పిల్లలకి ఏటా ప్రైజు వస్తుంది.

ఇదేం బాగోలేదు క్రిస్టీ అన్నారు మా ఆయన. మీరు మీ జిరాక్సులు చూసుకోండి అన్నాను.

నవంబర్ 11, మంగళవారం, ఉదయం 7

రామతులసి గారు ఇవాళే వస్తున్నారు. నిన్నట్నుంచి ఇల్లు కడుగుతున్నాను. కర్టెన్లు మార్చాను, సున్నుండలు చేశాను. క్రిస్మస్‌కని దాచిన గౌను దీవెనకి తొడిగేశాను. అచ్చం పెళ్లిచూపుల్లా ఉందని మా ఆయన ఒకటే నవ్వు. ఆయనకేం, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు.

అదే రోజు, సాయంత్రం 6

పరువు పోయింది.

రామతులసి గారు అడగ్గానే దీవెన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! సండే స్కూల్లో బైబిల్ వాక్యం చెప్పాక అది ఎక్కడిదో చెప్పకపోతే నేను మార్కులివ్వను. ఆ అలవాటు కొద్దీ, క్రిస్టినా ఆంటీ మొదటి అధ్యాయము ఎనిమిదో వచనము అని గట్టిగా ముగించింది. ఎనిమిదో తారీకున నేర్పాను కదా.

మా ఆయనకి సున్నుండ పొలమారింది. రామతులసి గారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా, ఇది మీ వచనం కదండీ, పాపని నేను విడిగా అడుగుతాను అన్నారు. ఇద్దరూ మేడ మీదికి వెళ్లారు. ముప్పావు గంట. నేను బట్టలారేసే వంకతో మూడుసార్లు మెట్లెక్కబోతే మా ఆయన బకెట్ లాక్కున్నారు.

దిగి వచ్చాక, పాప చెప్పమంది కాబట్టే చెబుతున్నానండీ అన్నారు రామతులసి గారు. దీవెనకి మా దగ్గర బాగానే ఉందట. అమ్మమ్మని కూడా చూడాలని ఉందట. ఆ మాటెత్తితే ఆంటీకి ఏడుపొస్తుందని ఇన్నాళ్లూ ఎత్తలేదట. ఇంకో మాట కూడా అడిగిందట: నాకు ప్లాన్ రాస్తున్నారు కదా మేడం, మరి మా అమ్మమ్మకి ఎవరు రాస్తారూ అని.

సిగ్గుతో చచ్చిపోయాను. పదేళ్ల పిల్ల నా కళ్లు తడవకుండా కాచుకుంటూ ఉంటే, నేను దాన్ని చూసుకుంటున్నాననుకున్నాను. అమ్మమ్మ పేరెత్తితే మీరు పంపించేస్తారని భయపడ్డానండీ అని ఒప్పేసుకున్నాను. రాకపోకలు ఉంటేనే కమిటీ వాళ్లు ప్లాన్ బాగుందంటారండీ, దాస్తేనే అనుమానం అన్నారావిడ. మళ్లీ మొదట్నుంచి రాయమన్నారు.

మా ఆయన ఎంత గర్వంగా జిరాక్సు తీసిచ్చారో.

నవంబర్ 16, ఆదివారం

పామర్రు వెళ్లొచ్చాం. దారి పొడుగునా వరి కోతకొచ్చి ఉంది. దీవెన బస్సు కిటికీ వదల్లేదు. మణెమ్మ గారు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. పిల్ల ఒళ్లు చేసింది, నా కడుపు నిండిందమ్మా అన్నారు.

రొయ్యల వేపుడు ఆవిడ చేతిదట! మంచం మీద కూర్చుని ఉప్పూ కారం చెప్పి నాచేత చేయించారు. అంటే ఆరో తారీకునే దీవెన నాకు జవాబు చెప్పేసింది. నేనే రాసుకోలేదు.

వచ్చేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. నాకు సత్తవ లేదు తల్లీ, నువ్వే పెంచు, అప్పుడప్పుడూ చూపిస్తా ఉండు, చాలు అన్నారు. నేను ఏడ్చేశాను. దీవెన మా ఆయన వంక చూసి, చెప్పానా, అన్నట్టు తలాడించింది.

నవంబర్ 20

రేపే.

నవంబర్ 21, శుక్రవారం

ఇంకో ఏడాది! దేవునికి స్తోత్రం. ప్రతి నెలా రెండో ఆదివారం పామర్రు అని ప్లానులోనే రాసేశారు. ఇక వానలనీ పరీక్షలనీ తప్పించుకోవడానికి లేదు. మణెమ్మ గారికి ఇంటికొచ్చి వ్యాయామం చేయించే మనిషి దొరుకుతారేమో రామతులసి గారు కనుక్కుంటారట.

ఆరో గడిలో దీవెన తన చేత్తోనే రాసింది. ఏం రాసిందో నేను చూడలేదు. చూడనందుకు మా ఆయన నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టారు.

నవంబర్ 22

ఈ డైరీలో ఒక జిరాక్సు మడతపెట్టి ఉంది. దీవెన రాత. డైరీ ఎంత చదివిందో దేవుడికే తెలియాలి.

బిడ్డ పేరు: క్రిస్టినా ఆంటీ. చదువు: అన్నీ వచ్చు. ఆరోగ్యం: నడుం నొప్పి (నిజం). అలవాట్లు: ఇల్లు కడగడం. భయాలు: ఇప్పుడు తగ్గాయి. రాకపోకలు: నాతో పాటు అమ్మమ్మ దగ్గరికి.

ఆరో గడి ఖాళీ. కింద పెన్సిలుతో: ఇది మీరే చెప్పాలి ఆంటీ. నేను నేర్పను.